తొమ్మిదింటికి తలుపు తట్టేవాణ్ణి

హల్ నగరంలో, పాత చేపల రేవు వెనక వీధిలో
గ్రంథాలయం మేడ మీద
మంగళ, గురువారాలు ఇంగ్లీషు నేర్పుతారు.
నా పని నేర్చుకోవడం కాదు,
తాళాలు వేయడం.

తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా
తలుపు తట్టి తల లోపలికి పెడతాను.
'డిస్టర్బ్ చేస్తున్నందుకు క్షమించండి, టైమైంది.'
పదకొండేళ్ళుగా అదే వాక్యం.
చెప్పీ చెప్పీ అరిగిపోయి
ఇప్పుడది మాట కాదు, తాళాల గుత్తి చప్పుడు.

మొన్న మంగళవారం మెట్లెక్కుతుంటే
లోపల నా మాట వినిపించింది,
నా మాటే, ఇంకో గొంతులో.
విన్నిఫ్రెడ్ గార్బట్,
ఒకప్పుడు ఫెర్రీ గేటు దగ్గర టికెట్లు చించిన మనిషి,
బోర్డు మీద ఆ క్రియ ఒక్కటే రాసి
'మన క్లిఫర్డ్ రోజూ అంటాడే, అదీ' అంది.
'దీంతో తలా ఒక వాక్యం.'
నవ్వారు.
వరండా చీకట్లో నేనూ నవ్వాను.

దైవా మొదలెట్టింది.
చేపల ఫ్యాక్టరీలో పని, ఎంత రుద్దినా వేళ్ళ సందున ఐసు వాసన.
'సీగల్ పిట్టలు నా నిద్రని డిస్టర్బ్ చేస్తాయి.'
ఎవరో సూపర్‌వైజర్ అన్నారు,
ఎవరో పక్కింటి టీవీ అన్నారు.
బోర్డు నిండుతోంది, సుద్ద రాలుతోంది.

లెతెబ్రహాన్ వాక్యం చెప్పలేదు.
స్టేషన్ ఎదుటి హోటల్లో దుప్పట్లు మారుస్తుంది ఆమె.
సంచిలోంచి ఒక అట్టముక్క తీసింది,
గది తలుపు పిడికి తగిలించే ఎర్ర కార్డు.
'ఎవరో పారేశారు, తెచ్చుకున్నా.
మా గదిలో ఐదుగురం.
నా దిండు పైన మేకుకి ఇది పెట్టాను.
వాళ్ళకి చదవడం రాదు.
అయినా నేను దీని కింద పడుకుంటాను.'
వ్యాకరణం అక్కడక్కడా విరిగింది.
గార్బట్ అతకలేదు.

చివరికి రెబ్వార్.
వాళ్ళ ఊళ్ళో గడియారాలు బాగుచేసేవాడట,
ఇక్కడ కార్లు కడుగుతాడు.
టోపీ తీసి బల్ల మీద పెట్టి
నిలబడే చెప్పాడు:
'నన్ను ఎవ్వరూ డిస్టర్బ్ చెయ్యరు.'

కర్త: ఎవ్వరూ లేరు.
కర్మ: తనే.
క్రియ: జరగలేదు.
తప్పు ఒక్కటంటే ఒక్కటి లేదు.
'కరెక్ట్' అంది గార్బట్, చాలా చిన్నగా,
అన్నాక సుద్దముక్కని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు
చేతులు మార్చుకుంది.

గోడ గడియారం తొమ్మిది కొట్టింది.
నా చెయ్యి తలుపు దాకా వెళ్ళింది,
కణుపులు ముడుచుకున్నాయి,
వాక్యం నాలిక మీదికొచ్చి కూచుంది.
పదకొండేళ్ళలో మొదటిసారి
అది బరువుగా ఉంది.

మెట్ల మీద కూలబడ్డాను
తాళాలు చప్పుడు చెయ్యకుండా గుప్పిట్లో నొక్కిపట్టి.
తొమ్మిదింపావు.
తొమ్మిదిన్నర.
లోపల ఎవరో మెల్లగా ఏదో చెబుతున్నారు, ఏ భాషో.
రిజిస్టర్లో 'బాయిలర్ మొరాయించింది' అని రాసి
సంతకం పెట్టాను.

ఆదివారం వాన.
మా నాన్న చేతి గడియారం జేబులో వేసుకుని
కార్ వాష్ వాళ్ళనడిగి ఇల్లు తెలుసుకుని
కోడిగుడ్ల కొట్టు మీది గది ముందు నిలబడ్డాను.
ఆ గడియారం అరక్షణం కూడా తప్పదు.
తట్టాను.
తలుపు అంగుళమంత తెరుచుకుంది.

'డిస్టర్బ్ చేస్తున్నానా?'

'అవును' అన్నాడు రెబ్వార్,
అప్పటికే కెటిల్ వైపు తిరిగి. 'చాలా.'

కిటికీ దగ్గర కూచుని
కంటికి భూతద్దం బిగించి, వెనక మూత విప్పి,
లోపల అంతా బాగానే ఉందని చూసి,
చూసి కూడా,
గంటన్నర సేపు బాగుచేశాడు.